జీపు నుంచి పికప్ దాకా: మన సరుకు బండి నడిచిన దారి



పత్తి సీజను మొదలైందంటే ఆదిలాబాద్ నుంచి బేల, కోర్పనా మీదుగా గడ్‌చాందూర్, రాజురా వైపు సాగే రోడ్డుకు తీరిక ఉండదు. ఒకప్పుడు ఈ దారిలో ఎడ్లబండ్లు బారులు తీరేవి. ఇప్పుడు ముందు క్యాబిన్, వెనక ట్రాలీ ఉన్న చిన్న సరుకు బండ్లు బారులు తీరుతున్నాయి. తెల్లవారుజామున కూరగాయలు, పొద్దెక్కాక సిమెంటు, సాయంత్రానికి పత్తి. సరుకు మారుతుంది కాని బండి మారదు. వీటిని కంపెనీ పెట్టిన పూర్తి పేరుతో మన ఊళ్ళలో ఎవరూ పిలవరు. "బొలెరో మాట్లాడు" అంటారు, "ఛోటా హాథీ వచ్చిందా" అని అడుగుతారు, కాస్త పెద్ద బండి అయితే "డీసీఎం" అంటారు. ఈ పికప్ బండి ఎక్కడ పుట్టింది, తరం తరానికీ ఎలా మారింది, ఆ మార్పుల్లో మనకు ఒరిగిందేమిటి, మనం మరిచిపోతున్నదేమిటి అన్నది ఈనాటి ప్రసంగాంశం.

ముందుగా మన ప్రాంతం గురించి రెండు మాటలు. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేదాకా రాజురా తాలూకా హైదరాబాదు రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. సరిహద్దు గీత మారింది కాని చుట్టరికాలు, బేరసారాలు మారలేదు. అందుకే గడ్‌చాందూర్ సంతలో తెలుగు, మరాఠీ, గోండీ మూడూ వినిపిస్తాయి. ఇక్కడి నేలలో రెండు సంపదలున్నాయి. పైన నల్లరేగడి, దాని మీద పత్తి. కింద సున్నపురాయి, దాని నుంచి సిమెంటు. 1980లలో గడ్‌చాందూర్‌లోనూ, దగ్గరలోని ఆవార్‌పూర్‌లోనూ సిమెంటు కర్మాగారాలు వెలిశాయి. బండి గురించి చెప్పుకునేటప్పుడు ఈ రెండు సరుకులూ మనకు మంచి కొలబద్దలు. సిమెంటు చిన్న చోటులో పెద్ద బరువు. పత్తి పెద్ద చోటులో చిన్న బరువు. ఏ పికప్ బండి అయినా ఈ రెండు పరీక్షలకూ తట్టుకోవాలి.

సిమెంటు బస్తా బరువు 50 కిలోలు. అంటే టన్నుకు ఇరవై బస్తాలు. ఈ లెక్క గుర్తుపెట్టుకుంటే తరం తరానికీ బండి ఎంత బలిసిందో సులువుగా తెలుస్తుంది.

మన దేశంలో పికప్ వంశానికి మూలపురుషుడు జీపు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం తయారైన ఆ బండిని సైనిక కాగితాల్లో పావు టన్ను ట్రక్కు అనేవారు. మన లెక్కలో సుమారు ఐదు సిమెంటు బస్తాలు. 1945లో లుధియానాలో ఉక్కు వ్యాపారంగా మొదలైన మహీంద్రా సంస్థ 1947 నుంచి బొంబాయిలో విల్లీస్ జీపులను విడిభాగాలుగా తెప్పించి, బిగించి అమ్మసాగింది. ఆ తరువాత క్రమంగా భాగాలు కూడా ఇక్కడే తయారుచేయడం నేర్చుకుంది. జీపు అడవి దారిలో వెళ్ళేది, వాగు దాటేది. అయితే అందులో సరుకు వేయడానికి చోటు లేదు. ముందు సగమంతా ఇంజనే ఆక్రమించేది.

ఆ లోటు తీర్చడానికి 1965లో మహీంద్రా తేలికపాటి సరుకు బండ్ల తయారీలోకి దిగింది. ఎఫ్‌సీ అనే బండిలో డ్రైవరు ఇంజను వెనక కాకుండా ఇంజను మీదనే కూర్చుంటాడు. ముక్కు పోయింది, ఆ మేరకు ట్రాలీ పెరిగింది. బండి పొడవు పెంచకుండా సరుకు చోటు పెంచడమనే ఉపాయం అప్పుడు మొదలైంది. ఈనాటి ఛోటా హాథీలోనూ అదే ఉపాయం కనిపిస్తుంది. డ్రైవరు సీటు ఎత్తితే కింద ఇంజను ఉంటుంది.

రెండో మలుపు డీజిల్. మొదటి జీపులు పెట్రోలు తాగేవి. 1973లో ప్రపంచమంతటా చమురు ధర ఒక్కసారిగా పెరగడంతో పెట్రోలు బండితో సరుకు తోలడం గిట్టుబాటు కాకుండా పోయింది. మహీంద్రా ఫ్రాన్సు దేశపు ప్యుజో కంపెనీతో ఒప్పందం చేసుకుని చిన్న డీజిల్ ఇంజన్లను ఇక్కడ తయారుచేసింది. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ మంటను పుట్టిస్తుంది. డీజిల్ ఇంజనులో గాలిని బాగా నొక్కితే పుట్టే వేడికే ఇంధనం మండుతుంది. అంత ఒత్తిడికి తట్టుకోవాలి కాబట్టి ఇంజను దిట్టంగా ఉంటుంది, తక్కువ వేగంలోనే ఎక్కువ లాగుడు ఇస్తుంది. నిండు బరువుతో ఘాటు ఎక్కాలంటే కావలసింది ఆ లాగుడే. తరువాతి కాలంలో బండ్ల మీద "డీఐ" అని రెండక్షరాలు కనిపించసాగాయి. ఇంధనాన్ని పక్క గదిలో కాకుండా నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే పద్ధతి అని వాటి అర్థం. వేడి వృథా కావడం తగ్గి, లీటరుకు మరికొన్ని కిలోమీటర్లు కలిసివచ్చాయి.

ఇక మూడో మలుపు మన తెలుగు నేలకు నేరుగా సంబంధించినది. 1980ల నడుమ కేంద్ర ప్రభుత్వం తేలిక సరుకు బండ్ల కోసం జపాను కంపెనీలతో భాగస్వామ్యానికి అనుమతులిచ్చింది. నాలుగు జంటలు బయలుదేరాయి. డీసీఎం టయోటా, స్వరాజ్ మజ్దా, ఐషర్ మిత్సుబిషి, నాలుగోది మన ఆల్విన్ నిస్సాన్. హైదరాబాదు ఆల్విన్ సంస్థ, జపాను నిస్సాన్ కలిసి మెదక్ జిల్లా జహీరాబాద్‌లో కర్మాగారం పెట్టి క్యాబ్‌స్టార్ అనే బండిని తయారుచేశాయి. జహీరాబాద్ ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలో ఉంది. ఆ బండ్లు నున్నగా నడిచేవి, చప్పుడు తక్కువ. కాని 1985 తరువాత జపాను యెన్ విలువ బాగా పెరిగింది. జపాను నుంచి వచ్చే విడిభాగాల ఖరీదు ఆకాశానికెక్కింది. ఈలోగా టాటా సంస్థ 1986లో స్వదేశీ రూపకల్పనతో 407 బండిని దింపి, ధరలోనూ గట్టిదనంలోనూ పోటీకి నిలిచింది. 1988లో టాటామొబైల్ అనే అసలు సిసలు పికప్‌ను కూడా తెచ్చింది. 1980ల చివర్లో ఆల్విన్ నిస్సాన్ పగ్గాలు మహీంద్రా చేతికి వచ్చాయి. డీసీఎం టయోటా కూడా 1990లలో చేతులు మారి, చివరకు ఆ పేరే లేకుండా పోయింది.

ఇక్కడ ఒక వింత ఉంది. డీసీఎం అనేది ఢిల్లీ క్లాత్ మిల్స్ అనే బట్టల మిల్లు పేరులోని పొడి అక్షరాలు. ఆ కంపెనీ బండి రోడ్ల మీద కనుమరుగై ఎంతో కాలమైంది. అయినా తెలంగాణలో ఏ కంపెనీ తయారుచేసిన మధ్యరకం వ్యానునైనా జనం నేటికీ డీసీఎం అనే అంటారు. కర్మాగారం మూతపడినా పేరు మాత్రం మన నాలుక మీద నిలిచిపోయింది.

నాలుగో తరం 2000 సంవత్సరంతో మొదలవుతుంది. ఆ ఏడాది ఆగస్టులో మహీంద్రా బొలెరో అనే ప్రయాణికుల బండిని విడుదల చేసింది. జీపు వారసత్వంలోని గట్టి ఛాసిస్, దాని మీద పెట్టెలాంటి శరీరం. ఆ ముఖాన్నే పికప్‌కు తగిలించి, వెనక ట్రాలీ అమర్చారు. డ్రైవరుకు తలుపులు, అద్దాలు, గాలీవానా తగలని క్యాబిన్ దొరికాయి. ఇరుసు వెడల్పయింది, వెనక కమాన్ పట్టీలు దళసరి అయ్యాయి. ఈ పికప్ మన దేశంలో ఆ తరగతిలో అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడుపోయే బండిగా ఎదిగింది.

ఎదగడానికి కంపెనీ తెలివి ఒక్కటే కారణం కాదు. రెండు బయటి కారణాలున్నాయి. మొదటిది, 2000 డిసెంబరులో ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మొదలై పల్లెలకు తారురోడ్లు రావడం. రెండోది, మన పత్తి రైతుకు సంబంధించినది. మహారాష్ట్రలో 1972 నుంచి పత్తి కొనుగోలు మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం ఉండేది. రైతు తన పత్తిని ప్రభుత్వ కేంద్రానికే ఇవ్వాలి. సరిహద్దు అవతల మంచి ధర ఉందని తెలిసినా తీసుకువెళ్ళే హక్కు లేదు. 2002లో ప్రైవేటు కొనుగోలుదారులకు తలుపులు తెరిచాక ఆ కట్టు సడలింది. వణిలో ఎంత, ఆదిలాబాద్‌లో ఎంత అని విచారించుకుని ధర ఉన్నచోటికి సరుకు తరలించే వీలు కలిగింది. ఆ వీలును వాడుకోవాలంటే ఒక్క రోజులో వెళ్ళి రాగల బండి కావాలి. ఎడ్లబండికి అది సాధ్యం కాదు. పది మంది రైతుల సరుకు కూడితే కాని లారీ కదలదు. ఒక్క రైతు పత్తితో, చెప్పిన పూట కదలగలిగేది పికప్ ఒక్కటే.

ఐదో తరంలో బండి పెద్దది కాలేదు, చిన్నదైంది. 2005 మే నెలలో టాటా సంస్థ ఏస్‌ను విడుదల చేసింది. గిరీశ్ వాఘ్ నాయకత్వంలోని ఇంజనీర్ల బృందం దీన్ని రూపొందించింది. రెండు సిలిండర్ల 700 సీసీ డీజిల్ ఇంజను, 16 హార్స్‌పవర్, 750 కిలోల మోత. మన లెక్కలో పదిహేను బస్తాలు. మూడు చక్రాల సరుకు ఆటో నడుపుకునేవాడు నాలుగు చక్రాలకు ఎదగాలనుకుంటే అప్పటిదాకా మధ్యమెట్టు లేదు. ఏస్ ఆ మెట్టు అయింది. పెద్ద లారీలు పట్టణం బయట సరుకు దింపితే, సందుల్లోని దుకాణాలకు చేర్చే పని దీని వంతయింది. 2017 నాటికి ఇరవై లక్షల ఏస్ బండ్లు అమ్ముడయ్యాయి. ఈ విజయం చూసి మిగిలినవారూ దిగారు. 2011లో అశోక్ లేలాండ్, నిస్సాన్ కలిసి ఒకటింబావు టన్నుల దోస్త్‌ను తెచ్చాయి. జహీరాబాద్‌లో ఆశించినంత సాగని నిస్సాన్ పేరు ఈ విధంగా మరోసారి మన సరుకు బండ్లలో వినిపించింది. 2015లో మహీంద్రా జీతో అనే బుల్లి బండిని దింపింది. అది తయారైంది ఆ జహీరాబాద్‌లోనే.

ఆరో తరం మన కళ్ళముందున్నది. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. ఇంధనం చిమ్మడాన్ని కంప్యూటరు నియంత్రిస్తుంది, పొగను వడపోసే పరికరాలు సైలెన్సర్ దారిలో చేరాయి. 2022లో టాటా ఏస్ విద్యుత్ బండి వచ్చింది. 2023 ఏప్రిల్‌లో బొలెరో మ్యాక్స్ పికప్ విడుదలైంది. మోత 1.3 టన్నుల నుంచి 2 టన్నుల వరకు, ట్రాలీ పది అడుగుల దాకా. అంటే ఇరవై ఆరు బస్తాల నుంచి నలభై బస్తాల దాకా అన్నమాట. పావు టన్ను జీపుతో మొదలైన వంశం ఎనిమిది రెట్లు మోసే స్థితికి చేరింది.

ఈ ప్రగతికి ఒక మూల్యం కూడా ఉంది. పాత జీపు దారిలో ఆగిపోతే ఒక పానా, ఒక స్క్రూడ్రైవరు, కాస్త తీగ ఉంటే ఊరి మెకానిక్ నడిపించేవాడు. కొత్త బండిలో హెచ్చరిక దీపం వెలిగితే దాని భాష చదవడానికి స్కానర్ కావాలి. పొగ వడపోసే జల్లెడ శుభ్రపడాలంటే బండి అప్పుడప్పుడు కొంతసేపు ఒకే వేగంతో, వేడిమీద నడవాలి. రోజంతా ఊళ్ళోనే రెండేసి కిలోమీటర్లు తిరిగే బండికి ఆ అవకాశం దొరకదు. అందువల్ల కొత్త బండి కొనేవారు ధరతోపాటు సర్వీసు కేంద్రం ఎంత దూరమన్నదీ, తమ బండి రోజూ ఎలా తిరుగుతుందన్నదీ లెక్కలో వేసుకోవాలి.

శ్రోతలారా, ఇంతవరకు చెప్పుకున్న కథను ఒక్క మాటలో చెప్పాలంటే, రాసిన బరువు కంటే మనం ఎక్కువ వేస్తూ వచ్చాం, కంపెనీలు బండిని మరింత బలంగా చేస్తూ వచ్చాయి. పట్టీలు దళసరి అయిన ప్రతిసారీ మనం మరో నాలుగు బస్తాలు వేశాం. ఈ పందెంలో మనం మరిచిపోతున్నది ఒకటుంది. పట్టీ విరగలేదంటే బరువు సరిపోయిందని అర్థం కాదు. మోసే శక్తి వేరు, ఆపే శక్తి వేరు. అదనపు పట్టీలు వేయించినంత మాత్రాన బ్రేకులు పెద్దవి కావు, టైర్ల బలం పెరగదు. వేగం రెట్టింపయితే బండి ఆగడానికి కావలసిన దూరం నాలుగు రెట్లవుతుంది. దానికి రాసినదానికి మించిన బరువు తోడైతే, దిగుడులో బ్రేకులు వేడెక్కి పట్టు కోల్పోతాయి.

పత్తి విషయంలో ప్రమాదం మరో రకంగా వస్తుంది. బరువు లెక్కలో తప్పు లేకపోవచ్చు. కాని ట్రాలీ నిండాక డాలా పైన ఇంకా ఎత్తు కట్టి తాళ్ళు బిగిస్తే, బరువంతా పైకి చేరుతుంది. నెత్తిమీద బిందె పెట్టుకున్న మనిషి గబుక్కున పక్కకు తిరగలేడు. బండి కూడా అంతే. మలుపులో పక్కకు ఒరుగుతుంది. సిమెంటు బండికి భయం దిగుడులో, పత్తి బండికి భయం మలుపులో అని డ్రైవరు సోదరులు గుర్తుంచుకోవాలి.

చట్టం ఏమంటున్నదో కూడా చూద్దాం. బండి, సరుకు, మనుషులు అందరూ కలిసి ఎంత బరువు ఉండవచ్చో రిజిస్ట్రేషన్ పత్రంలో రాసి ఉంటుంది. ఆ అంకె మించితే, 2019లో సవరించిన కేంద్ర మోటారు వాహనాల చట్టం ప్రకారం 20,000 రూపాయల జరిమానా, అదనంగా ఉన్న ప్రతి టన్నుకూ 2,000 రూపాయలు, సరుకు దింపించే ఖర్చు కూడా యజమానిదే. సరిహద్దు దాటేవారికి పనికివచ్చే మరో మాట. మొత్తం బరువు 3,000 కిలోలు మించని సరుకు బండికి పర్మిట్ అవసరం లేదని 1988 నాటి చట్టమే చెబుతున్నది. ఆ పైబడిన బండికి పర్మిట్ తప్పదు. బండి కొనేముందే ఈ గీతకు ఇవతల ఉందో అవతల ఉందో పత్రంలో చూసుకోవడం మంచిది. పర్మిట్ లేకపోయినా పన్ను, బీమా, ఫిట్‌నెస్ పత్రాలు మాత్రం ఉండి తీరాలి.

లైసెన్సు విషయంలోనూ చాలాకాలం అనుమానాలుండేవి. 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం వాటిని తీర్చింది. తేలిక వాహనాల లైసెన్సు ఉన్నవారు మొత్తం బరువు 7,500 కిలోలు మించని రవాణా వాహనాన్ని నడపవచ్చు, విడిగా మరో అనుమతి అక్కర్లేదు. మన పికప్ బండ్లన్నీ ఈ పరిధిలోకే వస్తాయి.

చివరిగా, అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. పత్తి ఏరే రోజుల్లో ఈ ఊరి నుంచి ఆ ఊరికి, ఈ రాష్ట్రం నుంచి ఆ రాష్ట్రానికి కూలీలను పికప్ ట్రాలీలో నిలబెట్టి తీసుకువెళ్ళడం మనందరికీ తెలిసిన అలవాటే. పెళ్ళికీ అదే బండి, జాతరకూ అదే బండి. ట్రాలీలో పట్టుకోవడానికి ఆధారం లేదు, నెత్తిన కప్పు లేదు. బండి ఒరిగితే ముందుగా ఎగిరిపడేది మనుషులు. అంతేకాదు, వారి కుటుంబాలకు బీమా ఆసరా కూడా దొరక్కపోవచ్చు. 1994లో చేసిన సవరణ వల్ల సరుకు బండిలో సరుకు యజమానికి, లేదా అతని తరఫున వచ్చిన మనిషికి బీమా రక్షణ ఉంది. ఊరికే ఎక్కించుకున్న ప్రయాణికులకు బీమా కంపెనీ బాధ్యత వహించనక్కర్లేదని 2002 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. అప్పుడు పరిహారం భారమంతా బండి యజమాని మెడకు చుట్టుకుంటుంది. వాయిదాల మీద కొన్న బండి పోతుంది, దానితోపాటు రెండెకరాల చేనూ పోవచ్చు. పోయిన ప్రాణం ఎటూ తిరిగి రాదు.

దీనికి మార్గాలు లేకపోలేదు. మనుషులకు వేరే బండి కావాలని తయారీదారులకూ తెలుసు. అందుకే టాటా సంస్థ 2007లో ఏస్ ఛాసిస్ మీదనే సీట్లు, కప్పు అమర్చి మ్యాజిక్ అనే ప్రయాణికుల బండిని తెచ్చింది. పదిమంది రైతులు కలిసి సీజనుకు అలాంటి బండి ఒకటి మాట్లాడుకుంటే మనిషికి పడే ఖర్చు పెద్దదేమీ కాదు. ఇక సరుకు ఎత్తి దించడానికి బండితోపాటు హమాలీలను పెట్టుకునే యజమానులు, బీమా పాలసీ తీసుకునేటప్పుడే వారి పేరిట కొంచెం అదనపు ప్రీమియం కట్టి రక్షణ పొందవచ్చు. పాలసీ కాగితంలో ఆ మాట రాసి ఉందో లేదో అడిగి చూసుకోండి.

పికప్ బండి మన సరిహద్దు పల్లెలకు చేసిన మేలు తక్కువేమీ కాదు. రైతుకు బేరమాడే బలాన్నిచ్చింది, కొలువు దొరకని యువకుడికి సొంత బతుకుతెరువు చూపింది, పంటను చెడకముందే అంగడికి చేర్చింది. ఇంజను మారినా, ముఖం మారినా, పేరు మారినా ఆరు తరాలుగా మారని సూత్రం ఒక్కటే: అది సరుకు కోసం పుట్టిన బండి. పత్రంలో రాసినంతే వేద్దాం, ట్రాలీలో సరుకునే వేద్దాం.